పిల్లలే లేని ఇంటికి ఇన్‌స్పెక్షన్ ఏంటండీ?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లో పిల్లల్ని చూసుకునే చైల్డ్‌మైండింగ్ పని గురించి ఇంగ్లండ్ నుంచి బోలెడు ఉత్తరాలొచ్చాయి, విచిత్రం ఏంటంటే రాసినవాళ్ళల్లో చాలామంది దగ్గర ప్రస్తుతం ఒక్క పిల్ల కూడా లేదు! అందుకే ఈసారి కాలమ్ మొత్తం వాళ్ళకే ఇచ్చేశా. ముందే చెప్తున్నా, ఇదంతా ఇంగ్లండ్ సంగతి, అక్కడ చైల్డ్‌మైండర్లని రిజిస్టర్ చేసి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేది ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ సంస్థ. స్కాట్లాండ్‌లో కేర్ ఇన్‌స్పెక్టరేట్, వేల్స్‌లో కేర్ ఇన్‌స్పెక్టరేట్ వేల్స్ ఈ పని చూసుకుంటాయి, అక్కడి రూల్స్ వేరు, అక్కడివాళ్ళు ఇది చదివి ఇలాగే చేసేయకండి.

ప్రశ్న: మేడమ్, నేను చైల్డ్‌మైండర్‌గా రిజిస్టర్ అయ్యి ఏడాది దాటింది. ఒక బాబు వచ్చేవాడు, వాళ్ళు ఇల్లు మారి వెళ్ళిపోయారు, తర్వాత ఎవరూ రాలేదు. ఇప్పుడు ఆఫ్‌స్టెడ్ నుంచి ఇన్‌స్పెక్షన్ అని ఫోన్. పిల్లలు లేరండీ అని చెప్పినా వస్తాం అన్నారు. మావారేమో పిల్లలు చేరాక రమ్మని చెప్పు అంటున్నారు. అసలు పిల్లల్లేని ఇంట్లో ఏం చూస్తారు? నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.
– రెడింగ్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందు హాయిగా నిద్రపోండి, తర్వాత మీవారికి నా మాటగా చెప్పండి, పిల్లలు లేరు అనేది ఇన్‌స్పెక్షన్ తప్పించుకునే కారణం కాదు అని. మీరు ఎర్లీ ఇయర్స్ రిజిస్టర్‌లో ఉన్నారు, అంటే పుట్టిన పాప దగ్గర్నుంచి అయిదో పుట్టినరోజు దాటాక వచ్చే ఆగస్టు 31 దాకా ఉన్న పిల్లల్ని మీ ఇంట్లో చూసుకోవడానికి మీకు అనుమతి ఉంది. ఆ అనుమతి ఇచ్చింది మీకూ మీ ఇంటికీ, ఆ వెళ్ళిపోయిన బాబుకి కాదు కదా. ఈ రోజు ఎవరూ లేరు సరే, రేపు సాయంత్రం ఒక తల్లి ఫోన్ చేసి సోమవారం నుంచి పాపని పంపిస్తానంటే మీరు సరేనంటారు, ఆఫ్‌స్టెడ్ పర్మిషన్ మళ్ళీ అడగరు, అడగక్కర్లేదు కూడా. ఆ తల్లి వెబ్‌సైట్‌లో మీ పేరు పక్కన రిజిస్టర్డ్ అని చూసి నమ్మి పంపిస్తుంది. ఆ నమ్మకానికి ఎవరో ఒకరు వచ్చి చూసి ఉండాలి. నాకైతే ఇది న్యాయంగానే అనిపిస్తుంది, కొంతమంది చైల్డ్‌మైండర్లు దీన్ని దండగ అంటారు, వాళ్ళతో నేను ఒప్పుకోను.

ఇక ఏం చూస్తారు అంటే, పిల్లలుంటే ఇన్‌స్పెక్టర్ ఒక మూల కూర్చుని మీరు వాళ్ళతో ఎలా మాట్లాడుతున్నారు, ఏం ఆడిస్తున్నారు, ఏడిస్తే ఏం చేస్తున్నారు అన్నీ గమనిస్తారు, మీరు నోరు తెరిచి పెద్దగా చెప్పక్కర్లేదు, పనే చెప్తుంది. పిల్లలు లేనప్పుడు ఆ ఛాన్స్ లేదు, కాబట్టి చూసేది రెండే, మీ ఇల్లు, మీ బుర్ర. అందుకే నా ఉద్దేశంలో ఇది మామూలు దానికంటే చిన్న ఇన్‌స్పెక్షనే గానీ తేలికైంది మాత్రం కాదు, ఎందుకంటే అన్నీ మాటల్లోనే చెప్పాలి, మనవాళ్ళల్లో చాలామంది పని బ్రహ్మాండంగా చేస్తారు, చెప్పమంటే మాత్రం తడబడతారు.

ఇల్లు అంటే పిల్లలు వాడే గదులన్నీ తిప్పి చూపిస్తారు. పాప ఎక్కడ పడుకుంటుంది, మెట్ల దగ్గర గేటు ఉందా, మందులూ క్లీనింగ్ లిక్విడ్లూ ఎక్కడ పెట్టారు, గార్డెన్‌లో నీటి తొట్టి లాంటిది ఏమైనా ఉందా, వీధి తలుపు పిల్లలు తీయగలరా, ఇలాంటివి. పిల్లలు లేరని గేటు తీసి అటక మీద పడేశాం అంటారా, పర్లేదు, కానీ కిందకి దించి పెట్టండి, అది ఎక్కడ బిగిస్తారో చెప్పడం కంటే బిగించి ఉన్నది చూపించడం మేలు.

బుర్ర అంటే ప్రశ్నలు. ఎక్కువ సేఫ్‌గార్డింగ్, అంటే పిల్లల రక్షణ మీదే ఉంటాయి. పాప వీపు మీద కమిలిన మచ్చ కనిపించింది, పాప పడిపోయిందని తల్లి చెప్తోంది, మీరేం చేస్తారు? ఇక్కడ మనవాళ్ళు ఠక్కున "తల్లితో నెమ్మదిగా మాట్లాడతానండీ" అని ఆపేస్తారు. అది చాలదు. చూసింది చూసినట్టు తేదీ టైమ్ వేసి రాసిపెట్టాలి, పాపని గుచ్చి గుచ్చి అడక్కూడదు, అనుమానం ఉంటే మీ కౌన్సిల్ చిల్డ్రన్స్ సోషల్ కేర్‌కి ఫోన్ చెయ్యాలి, ఆ నంబర్ మీ దగ్గర ఉండాలి. ఇంకో ప్రశ్న చాలామందిని ఇబ్బంది పెడుతుంది, మీ ఆయన మీదో మీ మీదో ఎవరైనా ఆరోపణ చేస్తే ఏం చేస్తారు అని. మా ఆయన అలాంటివాడు కాదండీ అని కోపం తెచ్చుకోకండి, అందర్నీ అడిగే ప్రశ్నే అది. కౌన్సిల్‌లో ఇలాంటివి చూసే డిజిగ్నేటెడ్ ఆఫీసర్ ఉంటారు, వాళ్ళకి చెప్పాలి, ఆఫ్‌స్టెడ్‌కి వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 14 రోజుల్లోపు తెలియజేయాలి. ఈ 14 రోజులు అనేది గుర్తుపెట్టుకోండి, కింద ఇంకో ఉత్తరంలో కూడా దీంతో పని ఉంది.

తర్వాత చదువు సంగతి. ఈవైఎఫ్ఎస్ అనే రూల్ బుక్ ఉంది కదా, 2024 జనవరి నుంచి చైల్డ్‌మైండర్లకి విడిగా ఒకటి ఇచ్చారు, మీరు నర్సరీలవాళ్ళది చదివి తికమకపడకండి. అందులో నేర్చుకునే ఏరియాలు ఏడు ఉంటాయి, వాటిల్లో మాటలు, శరీరం కదలికలు, మనసు స్నేహాలు అనే మూడు మరీ చిన్నపిల్లలకి మొదట ముఖ్యం. ఇన్‌స్పెక్టర్ ఏడింటి పేర్లు అప్పజెప్పమని అడగరు, "రెండేళ్ళ బాబు ఇంకా మాటలు కలపట్లేదు, మీరేం గమనిస్తారు, ఎవరికి చెప్తారు" అని అడుగుతారు. దానికి మీ దగ్గరున్న ఆ బాబుని గుర్తు తెచ్చుకుని, పేరు చెప్పకుండా, అప్పుడు నేనిలా చేశాను అని చెప్పండి, అంతకంటే మంచి జవాబు ఉండదు. రెండేళ్ళ వయసులో చేసే ప్రోగ్రెస్ చెక్ గురించి కూడా తెలిసి ఉండాలి.

కాగితాల సంగతికొస్తే, పాలసీలన్నీ రాసి ఫైల్ చేసి పెట్టాలని ఎవరో మిమ్మల్ని భయపెట్టి ఉంటారు. చైల్డ్‌మైండర్లకి పాలసీలు రాతపూర్వకంగా ఉండాలన్న రూల్ లేదు, అడిగితే వివరంగా చెప్పగలిగితే చాలు. కానీ అటెండెన్స్, యాక్సిడెంట్ రికార్డు, మందు ఇవ్వడానికి తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, వీటి ఖాళీ ఫారాలు రెడీగా పెట్టుకోండి. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ డేట్ ఈ రోజే చూసుకోండి. పిల్లల ఫస్ట్ ఎయిడ్ కోర్సు 12 గంటలది, మూడేళ్ళకోసారి మళ్ళీ చెయ్యాలి. పిల్లలు వచ్చినప్పుడు చేసుకుందాంలే అని వదిలేసి దొరికిపోయేది ఎక్కువగా దీంట్లోనే.

ప్రశ్న: మా వీధిలో ఇంకో చైల్డ్‌మైండర్‌కి ఇన్‌స్పెక్షన్‌లో గుడ్ అని గ్రేడ్ వచ్చింది, ఆవిడ గుమ్మం మీద పెట్టుకుంది. నాకూ గుడ్ వస్తుందా? మా ఇల్లు ఆవిడ ఇంటికంటే చాలా శుభ్రంగా ఉంటుంది.
– హౌన్స్‌లో నుంచి

జవాబు: రాదండీ. శుభ్రతతో సంబంధం లేదు. పిల్లలు లేనప్పుడు మీకు గ్రేడ్ ఇవ్వరు, రిక్వైర్‌మెంట్స్ మీట్ అవుతున్నారు, లేదా అవట్లేదు, అంతే. చెయ్యని పనికి మార్కులు ఎలా వేస్తారు చెప్పండి. రిపోర్టులో కూడా ఆ టైమ్‌కి పిల్లలు లేరు అని రాస్తారు, అది పబ్లిక్‌గా ఉంటుంది, తల్లిదండ్రులు చదువుతారు. కొంతమంది దాన్ని అవమానంగా ఫీలవుతారు, నిజానికి "మెట్" అంటే పాసైనట్టే, మీ దగ్గరికి వచ్చే తల్లికి ఆ మాట వివరించి చెప్పండి, చాలామందికి తెలీదు.

ఇంకో సంగతి, ఆ పక్కింటావిడ గుడ్ అనేది పాత పద్ధతిలోది. 2025 నవంబర్ నుంచి ఒక్క మాటలో మొత్తం గ్రేడ్ ఇవ్వడం మానేసి రిపోర్ట్ కార్డు పెట్టారు, అందులో ఒక్కో అంశానికి విడిగా, అర్జెంట్ ఇంప్రూవ్‌మెంట్ నుంచి ఎక్సెప్షనల్ దాకా అయిదు మెట్లు ఉంటాయి, సేఫ్‌గార్డింగ్ మాత్రం మెట్, నాట్ మెట్ అని రెండే. అంతేకాదు, ఇదివరకు ఆరేళ్ళకోసారి వచ్చేవాళ్ళు 2026 ఏప్రిల్ నుంచి కనీసం నాలుగేళ్ళకోసారి, కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి 18 నెలల్లోపే వచ్చేలా మార్చారు. కాబట్టి పిల్లలు దొరక్కముందే ఫోన్ వచ్చే చైల్డ్‌మైండర్లు ఇక ముందు ఎక్కువే ఉంటారు, మీరొక్కరే కాదు.

ప్రశ్న: అక్కా, మా అన్నయ్య వాళ్ళ పాపని, మా పెద్దమ్మ కూతురి బాబుని రోజూ నేనే చూసుకుంటా, పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా. ఇద్దరూ కొంచెం డబ్బులిస్తారు. బయటి పిల్లలు ఎవరూ లేరు కాబట్టి ఆఫ్‌స్టెడ్ ఫోన్ చేసినప్పుడు పిల్లలు లేరు అని చెప్పేశా. కరెక్టే కదా? మా పాపకి మూడేళ్ళు, అది కూడా ఇంట్లోనే ఉంటుంది.
– మిల్టన్ కీన్స్ నుంచి

జవాబు: సగం కరెక్టు తల్లీ, మిగతా సగం కొంచెం డేంజర్.

2006 చైల్డ్‌కేర్ చట్టంలో బంధువు అంటే ఎవరో లిస్టు ఉంది. తాత అమ్మమ్మ నానమ్మ, మేనత్త పిన్ని బాబాయి మేనమామ లాంటివాళ్ళు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు, పెళ్ళి వల్ల అలా అయినవాళ్ళు కూడా. మీ అన్నయ్య కూతురికి మీరు మేనత్త, కాబట్టి ఆ పాపని చూసుకోవడం చట్టం ప్రకారం చైల్డ్‌మైండింగ్ కిందకి రాదు, ఆ పాపని రోల్ మీద, అంటే మీరు చూసుకునే పిల్లల లిస్టులో, ఉన్నట్టు చెప్పక్కర్లేదు. దాని ఇంకో వైపు కూడా తెలుసుకోండి, ఆ పాపకి ఫండెడ్ అవర్స్ డబ్బు, అంటే ప్రభుత్వం ఖర్చు భరించే గంటలకి ఇచ్చే డబ్బు, మీరు తీసుకోకూడదు.

పెద్దమ్మ కూతురి బాబు సంగతి వేరు. మనింట్లో మీరు వాడికి సొంత పిన్నే, చట్టానికి మాత్రం వాడు మీ కజిన్ కొడుకు, ఆ లిస్టులో కజిన్ లేదు. ఎనిమిదేళ్ళలోపు పిల్లాడు, రోజుకి రెండు గంటలు దాటి, మీ ఇంట్లో, డబ్బు తీసుకుని చూసుకుంటున్నారు, కాబట్టి అది చైల్డ్‌మైండింగే. అంటే మీ దగ్గర పిల్లాడు ఉన్నట్టు! రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి తప్పేం కాదు, రిజిస్టర్ కాకుండా అదే పని చెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. కానీ మీరు లేరని చెప్పారు, వాడికి అటెండెన్స్, పర్మిషన్లు ఏమీ రాసి పెట్టి ఉండరు, ఇన్‌స్పెక్టర్ వచ్చే టైమ్‌కి వాడు సోఫా మీద కూర్చుని ఉంటాడు. ఈ రోజే ఫోన్ చేసి సరిచెయ్యండి, నాకు కజిన్ విషయం తెలీలేదండీ అని మామూలుగా చెప్పండి, అర్థం చేసుకుంటారు. అదే వాళ్ళు వచ్చి వాళ్ళంతట వాళ్ళు కనిపెడితే లెక్క వేరుగా ఉంటుంది.

మీ పాప సంగతి: సొంత పిల్ల రోల్ మీద ఉండదు, కానీ నంబర్ల లెక్కలోకి వస్తుంది. ఎనిమిదేళ్ళలోపు పిల్లలు మొత్తం ఆరుగురు, అందులో చిన్నపిల్లలు (పైన చెప్పిన ఎర్లీ ఇయర్స్ వయసు వాళ్ళు) ముగ్గురు, ఏడాదిలోపు మామూలుగా ఒక్కరు. మీ పాప ఆ ముగ్గురిలో ఒకటి. "మీ దగ్గర ఇంకెంతమందికి ఖాళీ ఉంది" అని అడిగితే ఈ లెక్క నోటి మీద ఉండాలి.

ప్రశ్న: మా దగ్గర పిల్లలు ఉన్నారు గానీ మంగళ, బుధవారాలే వస్తారు. మిగతా రోజుల్లో ఇన్‌స్పెక్టర్ వస్తే?
– స్విండన్ నుంచి

జవాబు: చైల్డ్‌మైండర్లకి ముందు ఫోన్ చేసేదే పిల్లలు ఏ రోజు ఉంటారో కనుక్కోవడానికి. మంగళ, బుధ అని చెప్పండి. ఇన్‌స్పెక్టర్‌కి భయపడి ఆ రోజు రావద్దని పిల్లల్ని ఆపేసేవాళ్ళు ఉన్నారట, అలా చేస్తే వచ్చే గ్రేడ్ పోగొట్టుకుంటారు, మీకే నష్టం.

ప్రశ్న: నమస్తే అండీ. పిల్లలు లేరు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. ఈ మధ్య మా అబ్బాయికి 16 నిండాయి. మా అత్తగారు మామగారు ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు. ఇవన్నీ కూడా ఇన్‌స్పెక్షన్‌లో అడుగుతారా?
– స్లౌ నుంచి

జవాబు: అడుగుతారు, మొదట అడిగేవాటిల్లో ఇదొకటి. ఇంట్లో ఉండేవాళ్ళు ఎవరికైనా 16 దాటితే వాళ్ళకి డీబీఎస్ చెక్, అంటే నేరచరిత్ర ఏమైనా ఉందా అని చూసే చెక్, ఉండాలి, నిన్నటిదాకా మీ అబ్బాయి పిల్లాడు, ఈ రోజు వాళ్ళ లెక్కలో ఇంట్లో ఉండే పెద్దమనిషి. ఆ మార్పు ఆఫ్‌స్టెడ్‌కి చెప్పాలి, పైన చెప్పిన 14 రోజుల గడువు ఇక్కడా ఉంది. పిల్లలు లేరు కదా అని చెప్పకుండా ఊరుకోవడం చాలామంది చేసే పనే, కానీ రిజిస్ట్రేషన్ ఉన్నంతకాలం ఈ బాధ్యత ఉంటుంది, పిల్లలు ఉన్నా లేకపోయినా. ఇల్లు మారినా అంతే, కొత్త ఇంటికి మీ పాత రిజిస్ట్రేషన్ దానంతటదే రాదు.

అత్తమామల విషయంలో, నాలుగు రోజులు చుట్టపుచూపుగా వస్తే ఒక మాట, ఆరు నెలలు ఆ ఇంట్లోనే ఉంటే ఇంకో మాట. "వాళ్ళు విజిటర్ వీసా మీద వచ్చారండీ" అన్నది వీసా ఆఫీసుకి చెప్పే జవాబు, ఇక్కడ చూసేది పాప ఉండే ఇంట్లో రోజూ ఎవరు ఉంటున్నారు అని. ఫోన్ చేసి వాళ్ళనే అడిగి, ఎవరితో మాట్లాడారో ఏ తేదీనో రాసిపెట్టుకోండి. ఈమధ్య దాకా ఇండియాలో ఉన్నవాళ్ళు కాబట్టి అక్కడి పోలీసు క్లియరెన్స్ లాంటిది కూడా అడగొచ్చు, అది రావడానికి టైమ్ పడుతుంది, టికెట్లు బుక్ చేసేటప్పుడే ఆలోచించాల్సిన పని. పెద్దవాళ్ళకి కూడా ఒక మాట చెప్పి ఉంచండి, పిల్లలొచ్చాక ఎంత అల్లరి చేసినా చెయ్యెత్తడం, కొడతానని బెదిరించడం రెండూ కుదరవు, ఇది రూల్‌లో స్పష్టంగా ఉంది. మామగారు ప్రేమగానే అంటారు, అయినా సరే.

ప్రశ్న: రెండున్నరేళ్ళుగా నా దగ్గర పిల్లలు లేరు. ఉద్యోగం దొరికింది, కానీ రిజిస్ట్రేషన్ వదులుకోబుద్ధి కావట్లేదు, అంత కష్టపడి తెచ్చుకున్నా. ఉంచుకోవాలా వదిలెయ్యాలా?
– లెస్టర్ నుంచి

జవాబు: చట్టం మీ తరఫున గడియారం పెట్టింది. మూడేళ్ళకి మించి పిల్లల్ని చూసుకోకపోతే ఆఫ్‌స్టెడ్ రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యొచ్చు. కచ్చితంగా చేస్తారని కాదు, చెయ్యొచ్చు. మీకు ఇంకో ఆరు నెలలే ఉంది.

నా మాట అడిగితే డబ్బు గురించి ఆలోచించకండి, ఏడాదికి 35 పౌండ్లు పెద్ద మొత్తం కాదు. అసలు ఖర్చు మిగతావే, ఫస్ట్ ఎయిడ్ కోర్సు, ఇన్సూరెన్స్, ట్రైనింగ్, ఇంట్లో మార్పులు ఎప్పటికప్పుడు చెప్పడం, మధ్యలో ఇన్‌స్పెక్షన్. వచ్చే ఏడాదిలోపు నిజంగా పిల్లల్ని తీసుకునే ఉద్దేశం ఉంటే ఉంచుకోండి, ఉద్యోగం పార్ట్ టైమ్ అయితే వారానికి రెండు రోజులకి ఒక పిల్లని తీసుకున్నా ఆ మూడేళ్ళ లెక్క ఆగుతుంది. ఇంగ్లండ్‌లో 2012తో పోలిస్తే ఇప్పుడు చైల్డ్‌మైండర్లు సగం కూడా లేరు, ఇంకోపక్క 2025 సెప్టెంబర్ నుంచి పనిచేసే తల్లిదండ్రులకి తొమ్మిది నెలల పాప దగ్గర్నుంచే వారానికి 30 ఫండెడ్ గంటలు ఇస్తున్నారు, కాబట్టి వెతుక్కునే తల్లులు ఉన్నారు. మీరు కౌన్సిల్ లిస్టులో ఉన్నారా, ఫండింగ్ కోసం కౌన్సిల్‌తో అగ్రిమెంట్ చేసుకున్నారా చూడండి, చాలామందికి పిల్లలు దొరకకపోవడానికి కారణం అక్కడే ఉంటుంది. మొదటి ఇన్‌స్పెక్షన్ ఇంకా అవని కొత్తవాళ్ళు కూడా ఫండెడ్ గంటలు ఇవ్వొచ్చు.

ఆ ఉద్దేశం లేకపోతే మీ అంతట మీరే స్వచ్ఛందంగా వదిలెయ్యండి. రద్దు చేస్తున్నాం అని నోటీసు వచ్చాక నేనే మానేస్తా అంటే కుదరదు, చట్టం ఒప్పుకోదు. మళ్ళీ కావాలంటే మొదటినుంచీ అప్లికేషన్, డీబీఎస్, ఇంటికి రావడం అన్నీ ఉంటాయి, అది నిజమే. కానీ వాడని రిజిస్ట్రేషన్ కోసం రాని పిల్లల కోసం ఇన్‌స్పెక్షన్‌కి చదవడం, ఉద్యోగం చేసుకుంటూ, నేనైతే చెయ్యను.

ప్రశ్న: నా ఇంగ్లిష్ అంత బాగుండదు మేడమ్. పిల్లలుంటే నా పని చూసి అర్థం చేసుకునేవాళ్ళు. ఇప్పుడు అంతా మాట్లాడాలి అంటే భయమేస్తోంది. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తనతో చెప్పించొచ్చా?
– ఈస్ట్ హామ్ నుంచి

జవాబు: అమ్మాయితో చెప్పించకండి. పిల్లల క్షేమానికి సరిపడా ఇంగ్లిష్ చైల్డ్‌మైండర్‌కి ఉండాలన్నది రూల్, అంటే ఎమర్జెన్సీ నంబర్ 999కి ఫోన్ చేసి అడ్రసు, పాపకి ఏమైందో చెప్పగలగాలి, మందు సీసా మీద రాసింది చదవగలగాలి, రికార్డు రాయగలగాలి. గ్రామర్ ఎవరూ చూడరు. "సారీ, ప్లీజ్ రిపీట్" అనడం తప్పు కాదు, ప్రశ్న అర్థం కాకుండా తల ఊపడమే తప్పు. మీ సొంత మాటల్లో, చిన్న చిన్న వాక్యాల్లో, పాపకి ఊపిరాడకపోతే ఏం చేస్తారు, జ్వరం వస్తే ఎవరికి ఫోన్, తినేటప్పుడు ఎక్కడ కూర్చుంటారు అని అమ్మాయితో ముందే ప్రాక్టీస్ చెయ్యండి. చివరిది చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ, తినేటప్పుడు పిల్లలు మీ కంటికి కనబడుతూ, చెవికి వినబడుతూ ఉండాలి, వీలైతే ఎదురుగా కూర్చోవాలి, ద్రాక్షపళ్ళు నిలువుగా కోసి పెడతా అని మీరే ముందు చెప్తే ఇన్‌స్పెక్టర్‌కి మీరు రెడీగా ఉన్నారని తెలిసిపోతుంది.

తెలుగు మాట్లాడటం మైనస్ అనుకుంటున్నారేమో, కాదు. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఆ భాషలో కూడా ఆడుకునే, మాట్లాడే అవకాశం ఇవ్వమని ఆ రూల్ బుక్కే చెప్తుంది, ఇంగ్లిష్‌తో పాటు. తెలుగు పిల్లలు వస్తే ఏ పాటలు పాడతారో, ఏ కథలు చెప్తారో అది కూడా చెప్పండి, అడక్కపోయినా చెప్పండి.